చుట్టానికి పోసిన నీళ్లు

బాయి నీళ్లతో కడిగిన గిన్నెలను అరుణమ్మ ఎండకు పెట్టదు. తడి ఆరకముందే పాతచీరె ముక్కతో తుడిచి లోపల బోర్లిస్తుంది. ఎండకు వదిలేస్తే గిన్నె నిండా తెల్లటి పక్కు కడుతుంది. ఎంత పీచు పెట్టి తోమినా అది పోదు. ఇట్లా తుడవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బాయి చెడిపోయిన ఏడాది చేతులే నేర్చుకున్నాయి.

ఆ పొద్దు ఆమె గిన్నెలు తుడుస్తుంటే లింగం ట్రాలీ ఆటో వాకిట్లో ఆపి, ఒక నీళ్ల క్యాన్ భుజానికెత్తుకుని దిగాడు. ఊరి బయట ఫిల్టర్ ప్లాంటులో తెల్లవారుతూనే క్యాన్లు నింపుకుని, కంపెనీల చుట్టూ ఉన్న కిరాయి రూములకు వేసి రావడం ఆయన పని. మొదటి క్యాన్ మాత్రం ఇంట్లో దిగుతుంది. తాగడానికీ వండడానికీ అదే. బాయి ఉన్న ఇంటాయన నీళ్లమ్ముకుని బతుకుతున్నాడని ఊళ్లో ఎవరూ నవ్వరు. నవ్వేవాళ్ల బావులూ అట్లాగే ఉన్నాయి.

క్యాన్‌ను వంటింటి గడప పక్కన దించి నడుం పట్టుకున్నాడో లేదో, జేబులో ఫోను మోగింది. వియ్యంకుడు త్రినాథరావు. కోస్తా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రామచంద్రాపురంలో రిటైరై అక్కడే స్థిరపడిన మనిషి. లింగం కోడలు లక్ష్మీప్రసన్న తొలికాన్పుకు పోయి, పసిదానితో ఇంకా ఆ పుట్టింట్లోనే ఉంది.

"నమస్కారం బావగారూ. బండి మీదున్నారా, ఇంట్లోనేనా?"

"ఇంట్లనే ఉన్న బావా. పొల్ల మంచిగున్నదా?"

"మీ మనవరాలికేమండీ! రాత్రంతా మేలుకుంటుంది, పగలంతా పడుకుంటుంది. నేను ముప్పయ్యేళ్లు చేసిన నైట్ షిఫ్టు ఇప్పుడు అది చేస్తోంది."

లింగం నవ్వాడు. ఆయన నవ్వు చూసి అరుణమ్మ గిన్నె వదిలేసి దగ్గరికొచ్చి నిలబడింది.

"శుక్రవారంతో మూడో నెల పడుతోంది కదా బావగారూ. నూతిలో చేద వేయించే ముచ్చట మీ ఇంటి దగ్గరే జరగాలని చెల్లెమ్మగారు అన్నారు. మాకూ ఇష్టమే. ఈ అపార్టుమెంట్లో నుయ్యి ఎక్కడిదండీ, కుళాయికి బొట్టు పెట్టుకోవాలి. అయితే ఒక్క మాట. మీరు మరోలా అనుకోకూడదు."

"అన్కోను. చెప్పు."

"ఆ నూతి నీళ్లు ఒకసారి పరీక్ష చేయిద్దామండీ. మాకు తెలిసిన ప్రైవేటు ల్యాబు ఉంది. రేపు ప్రవీణ్‌కుమార్ అని కుర్రాడు వస్తాడు. రిపోర్టు బావుంటే శుక్రవారం అమ్మాయినీ పాపనీ నేనే స్వయంగా తీసుకొచ్చి దింపుతాను. బాగోలేదంటే మటుకు.. పసిగుడ్డు కదండీ. కొన్నాళ్లు ఇక్కడే ఉంటారు. మా అల్లుడు వంశీయే వచ్చిపోతూ ఉంటాడు."

లింగం బాయి వైపు చూశాడు. గిరక మీద చాంతాడు, గోడ మీద బోర్లించిన బొక్కెన. నీళ్లు పైకే ఉన్నాయి, ఏ ఎండాకాలమూ తగ్గలేదు. తగ్గినా బాగుండేది అనిపించింది.

"రమ్మను బావా. ఇన్నేండ్ల సంది రమ్మని మొత్తుకున్నా ఎవడు రాలె. నువ్వన్న పంపుతున్నవు."

ఫోను పెట్టేశాడు.

"ఏమన్నడు?" అంది అరుణమ్మ.

"బాయికి పరీక్ష పెడ్తడట."

"పాసైతే?"

"పాసైతే మన్మరాలొస్తది."

"ఫేలైతే?"

లింగం ఆటో ఎక్కాడు. తాళం తిప్పాడు గానీ బండి కదిలించలేదు. బాయి నీళ్ల సంగతి ఆయనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పల్చటి చాయ్ రంగు, వాన పడితే నురుగు, ముంజేతుల మీద ఎప్పుడూ మానని దురద. గ్రామసభలో లేచి మాట్లాడాడు, ఆఫీసుల ముందు నిలబడ్డాడు. బాగున్నాయనీ బాగాలేవనీ ఎవరూ ఒక్క అక్షరం రాసియ్యలేదు. ఇప్పుడు రాసిచ్చేవాడు వస్తున్నాడు. నిజం రాస్తే పసిదాని ముఖం కనపడదు.

"గట్ల కూసున్నవేంది? రూములోళ్లు నీళ్లకు ఎదురుచూస్తరు, పో" అంది అరుణమ్మ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం పొడిగా ఉన్న గిన్నెనే తుడుస్తున్నాయి.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బాయి గోడకు సున్నం పడింది. కింద ఎర్ర జాజు పట్టె కూడా దిద్దింది అరుణమ్మ. బొక్కెనను చింతపండు వేసి తోమింది. గిరకకు నూనె పెట్టింది. చెంపల మీద సున్నపు చుక్కలతో అలసిపోయి మెట్టు మీద కూర్చుని ఉంది.

"పరీక్ష నీళ్లకే, గోడకు గాదు" అన్నాడు లింగం.

"దెల్సు తియ్. ఇంటికి మనిషొస్తడంటే ఇల్లు సర్దుకోరా? వంశిగాన్ని ఎత్తుకొని అవ్వగారింటి నుంచి వచ్చినప్పుడు నేను తోడింది ఈ గిరక మీదనే. అత్త పక్కనుండి తాడు పట్టిచ్చింది. ఆ నీళ్లతోనే ఆనికి తానం పోసింది. అప్పుడు మీ నాయిన ఏమన్నడో యాదికున్నదా?"

"ఏమన్నడు?"

"ఇగ వీడు మనోడే, బాయి ఒప్పుకున్నది అన్నడు."

ఆ ఇంట్లో పద్ధతి అదే. బాలింత మూడో నెలలో బాయికి పసుపు కుంకుమ పెట్టి, గిరకకు దారం కట్టి, తన చేత్తో మొదటి బొక్కెన తోడుతుంది. ఆ నీళ్లే బిడ్డకు ఆ ఇంట్లో మొదటి స్నానం.

లింగం ఆమె పక్కనే కూర్చుని, చెంప మీది సున్నాన్ని తన తువాలు కొసతో తుడిచాడు. "కండ్లల్ల పడ్తది" అన్నాడు.

మరునాడు రూముల దగ్గర ఆయన చెయ్యి ఆగలేదు. క్యాన్ దించడం, ఖాళీది తీసుకోవడం, మూత ఉందా లేదా చూడడం, ఇంకో గడప. ఒక రూము ముందు బిహారు పిల్లలు షిఫ్టుకు తయారవుతున్నారు.

"క్యా లింగం భాయ్, ఆజ్ బడీ జల్దీ?"

"ఘర్ మే మెహమాన్ ఆరా."

"కౌన్?"

"పానీ దేఖ్‌నేవాలా."

నీళ్లు చూడ్డానికి చుట్టమా అని వాళ్లు పకపకా నవ్వారు. "పెండ్లి కూతురా ఏంది భాయ్, చూస్తానికి వస్తుర్రు?" అన్నాడు వాళ్లలో తెలుగు పట్టుబడినవాడు. లింగానికి కూడా నవ్వొచ్చింది. నిజమే, పెళ్లిచూపుల్లాగే ఉంది. కాకపోతే ఈ పెళ్లికూతురి గుణం ఊరందరికీ తెలుసు.

ఇల్లు చేరేసరికి వాకిట్లో బైకు నిలబడి ఉంది. ఎక్కడెక్కడో తిరిగొచ్చిన దుమ్ము. పిట్టగోడ నీడలో ప్రవీణ్‌కుమార్ కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నున్నగా దువ్విన తల, మెడలో కార్డు, చెవిలో ఫోను తీగ. పక్కన మూత తెరిచిన ఐసుపెట్టె. అందులో రెండు సీసాలు.

"నమస్తే అంకుల్. పని అయిపోయింది. ఆంటీ మజ్జిగ ఇచ్చింది, సూపర్ ఉంది."

లింగం వంగి ఒక సీసా తీశాడు. ఎండలోకి పట్టి చూశాడు. నీళ్లలోంచి అవతల సున్నం కొట్టిన బాయి గోడ కనిపించింది. గోడ పక్కన పడుకున్న కుక్క కనిపించింది. కుక్క చెవి కూడా కనిపించింది.

"నువ్వే తోడినవా బాబూ?"

"లేదంకుల్, నాకు మధ్యల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సీసాలు ఆంటీకి ఇచ్చిన. ఆంటీయే నింపుకొచ్చింది. మొదలు ఒకసారి కడిగి నింపుమన్న, గట్లనే చేసింది." లేచి సీసాను లింగం చేతుల్లోంచి తీసుకుని పెట్టెలో పెట్టి మూత బిగించాడు. "ఇంకా మూడూర్లు తిరగాలె. వస్త ఆంటీ!"

అరుణమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. "పైలంగ పో బిడ్డా" అంది.

బైకు పోయింది. లింగం లోపలికి వెళ్లి నీళ్లు తాగుదామని క్యాన్‌ను వంచాడు. దినమంతా క్యాన్లు ఎత్తే చెయ్యి, దాని బరువు చేతికే తెలిసిపోయింది. పొద్దున నిండుగా దించింది సగానికి దిగింది. గ్లాసు నిండింది గానీ ఆయన తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"క్యాన్ జల్దీ అయిపోయిందేంది?"

"చుట్టమొచ్చిండు గద" అంది ఆమె, ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ.

"చుట్టం మజ్జిగ తాగిండు."

ఆమె తల ఎత్తలేదు. ఉల్లిగడ్డ ఇంకా కొయ్యనే లేదు, కళ్లల్లో నీళ్లు నిండాయి.

"బాయి దాక పోయిన. బొక్కెన కూడ ఏసిన. పైకి గుంజి చూస్తే నురుగున్నది. ఆ పిలగాడు సీస ఎంత తెల్లగ కడుక్కొని తెచ్చుకున్నడో! ఇంటికొచ్చినోడు సీస చేతికిచ్చి నీళ్లు పొయ్యమంటే, అండ్ల గవి పోస్తనా నేను? నాకు చెయ్యి పోలే. వచ్చి క్యాన్ వంచిన."

"నీళ్లు తాగెతందుకు గాదే, పరీక్షకు."

"ఎందుకైతేంది, పోసేది నా చెయ్యే గద."

లింగం ఫోను చేతిలోకి తీసుకున్నాడు. త్రినాథరావు నంబరు తెచ్చాడు. ఒక్క మాట చాలు, పిల్లగాణ్ణి మళ్లీ పంపు, తప్పు నీళ్లు పోయినయి అని. బొటనవేలు నంబరు మీదే ఉంది. ఫోనులో త్రినాథరావు బొమ్మ చోట లక్ష్మీప్రసన్న పెట్టిన పసిదాని ఫోటో ఉంది. పిడికిలి బిగించి, నోరు తెరిచి ఆవులిస్తున్న తనుశ్రీ.

ఫోనును కొంకికి తగిలించిన అంగీ జేబులో పెట్టేశాడు. గ్లాసులో నీళ్లు గుటగుటా తాగేశాడు.

"ఉల్లిగడ్డ నేను కోస్త, ఇయ్యి" అన్నాడు.

బుధవారం నాడు త్రినాథరావు గొంతు ఫోనులోంచి వాకిలంతా వినపడింది.

"బావగారూ! మీ నుయ్యి బంగారమండీ! అన్నీ లిమిట్లోనే ఉన్నాయి. మా కాలనీ నీళ్ల కంటే మెరుగట! నేను నోరు జారి మిమ్మల్ని అనుమానించాను, క్షమించాలి."

"అట్లంటవేంది బావా" అన్నాడు లింగం.

వాళ్ల కొడుకు వంశీ అప్పుడే పాశమైలారం నుంచి డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి విని హెల్మెట్టు తియ్యకుండానే బాయి దగ్గరికి పోయాడు, ఒక బొక్కెన తోడాడు, వాసన చూశాడు.

"మొన్నటి వానలకు కడుక్కపోయినట్టున్నది నాయినా. జెర వాసన సుత తక్కువైంది."

"రిపోర్టు వచ్చినంక తక్కువైందా?" అన్నాడు లింగం.

"నిజంగనే. సూడు." ఆ నీళ్లతోనే ముఖం కడుక్కున్నాడు. కళ్లు మండి ఎర్రబడ్డాయి. అయినా నవ్వుతూనే ఉన్నాడు. ఇన్ని నెలలుగా అటూ ఇటూ బండి మీద తిరిగి తిరిగి వాడి ముఖం పీక్కుపోయి ఉంది. చెప్పడానికి అరుణమ్మ నోరు తెరిచింది గానీ, వాడు అప్పటికే పాత ఉయ్యాల కొంకి అటక మీద ఉందేమో చూడడానికి నిచ్చెన ఎక్కేశాడు.

"ఇగ ఎట్ల?" అన్నాడు లింగం చిన్నగా.

"పోరికి ఒక్క చుక్క తగలనిస్తనా నేను? క్యాన్ నీళ్లే తానానికి, క్యాన్ నీళ్లే బట్టలకు. నువ్వు దినాం రెండెక్కువ దించు."

"దినాం? అందరి కండ్లు గప్పి? మొదటి బొక్కెనో మరి?"

దానికీ ఆలోచించి పెట్టుకుంది అరుణమ్మ. స్నానాల గదిలో ఒక బిందె నిండా క్యాన్ నీళ్లు కాచి ముందే దాచిపెడుతుంది. బాలింత తోడిన నీళ్లు ఇంకో బిందెలో పోసి తనే లోపలికి తీసుకుపోతుంది. తలుపు దగ్గరికి వేస్తే ఏ బిందెలోవి పోసిందో ఎవరికి తెలుస్తుంది? చెప్తున్నప్పుడు ఆమె గొంతు తగ్గిపోయింది. సొంత ఇంట్లో దొంగలాగా మాట్లాడుతున్నానని ఆమెకే తెలిసినట్టుంది. లింగానికి ఆమె మీద కోపం రాలేదు. ఏళ్ల తరబడి ఈ నీళ్లను వదిలిన కంపెనీవాళ్లెవరూ తలుపు దగ్గరికి వేసుకుని గుసగుసలాడి ఉండరు. పగటి పూటే దర్జాగా వదిలి ఉంటారు.

శుక్రవారం పొద్దున కారు వచ్చి ఆగింది. ముందుగా త్రినాథరావు దిగాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో అరటిపళ్ల సంచి. వెనక నుంచి లక్ష్మీప్రసన్న పసిదాన్ని గుండెకు ఆనించుకుని దిగింది. గడపలోనే అరుణమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. తీస్తూ తీస్తూనే పళ్లెం లింగం చేతిలో పెట్టేసి బిడ్డను అందుకుంది.

"ఓయమ్మో, బరువైంది బంగారి! ఏం తాపుతున్నవే దీనికి?"

"పాలే అత్తయ్యా. ఏం, మీ అబ్బాయి లాగా చాయ్ అడుగుతుందా?" అంది లక్ష్మీప్రసన్న. వంశీ కారు డిక్కీ వైపు పోతుంటే, "అవి తర్వాత దింపుకుందాం, ముందు ఇది కానీయండి" అని ఆపింది.

పక్కిళ్ల ఆడవాళ్లు ఇద్దరొచ్చారు. నానబెట్టిన శనగలు, తమలపాకులు, పసుపు పూసిన దారం పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. లక్ష్మీప్రసన్న బాయి గోడకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. దారం తర్వాత కడదామని పళ్లెంలోనే ఉంచి, ముందు బొక్కెన వదలమంది అరుణమ్మ. గిరక కిర్రుమనకుండా తిరిగింది. తాడు సగం వచ్చేసరికి బాలింత చేతులు వణికాయి. అరుణమ్మ పసిదాన్ని వంశీకి ఇచ్చి, కోడలి వెనక నిలబడి, ఆమె చేతుల మీద తన చేతులు వేసి తాడు పట్టింది. ఎప్పుడో ఆమె అత్త పట్టించినట్టే.

"మెల్లగ. తాడును గుంజకు, రానియ్యి. అదే వస్తది."

బొక్కెన గోడ మీదికి వచ్చి కూర్చుంది. నీళ్లు అటూ ఇటూ ఊగి నిలిచాయి. తోమిన బొక్కెన అడుగున మెరుపు కనిపించాల్సింది, కనిపించలేదు.

అప్పుడు త్రినాథరావు ముందుకొచ్చాడు. శనగల పళ్లెం పక్కన ఉన్న స్టీలు గ్లాసు తీసుకున్నాడు.

"బావగారూ, నేనొక పని చేయాలి. మీ ఇంటి నీళ్లను అనుమానించినవాణ్ణి. అందరి ముందూ మొదటి గ్లాసు నేనే తాగుతాను. చిన్నప్పుడు మా ఊళ్లో నూతి నీళ్లే తాగి పెరిగామండీ. ఫిల్టరు నీళ్లు తాగి తాగి నాలుక చచ్చిపోయింది."

"వద్దు బావా, ముందుగాల చాయ్.." అన్నాడు లింగం.

"చాయ్ ఎక్కడికి పోతుందండీ!" గ్లాసు బొక్కెనలో ముంచాడు. తీశాడు. రంగు చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత, చుట్టాలింట్లో పెట్టినదానికి వంక పెట్టకూడదని నేర్చుకున్న మనిషి ముఖంలో వచ్చే మర్యాద ఆయన ముఖంలోకి వచ్చింది. గ్లాసు పైకెత్తాడు.

ఈ నీళ్లు ఎవరైనా ఒక్కడు తాగి చూస్తే తెలుస్తుందని లింగం ఎన్ని ఆఫీసుల ముందు అరిచాడు! ఇప్పుడు తాగుతున్నవాడు ఆ మనుషుల్లో ఒకడు కాదు. నమ్మి తాగుతున్నవాడు. అడుగు ముందుకు పడేలోపే అరుణమ్మ చెయ్యి వచ్చి గ్లాసు మూతిని కప్పేసింది. నీళ్లు ఆమె వేళ్ల సందుల్లోంచి త్రినాథరావు తెల్లచొక్కా మీద ఒలికాయి.

"తాగకు అన్నా."

పక్కింటి ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఆ పిలగాని సీసలల్ల పోసింది ఈ నీళ్లు గాదు. క్యాన్ నీళ్లు పోసిన. ఇవి తాగేటివి గాదు."

"అమ్మా!" అన్నాడు వంశీ.

త్రినాథరావు గ్లాసు దించలేదు, వదల్లేదు. ఆమె అరచెయ్యి ఇంకా దాని మీదే ఉంది. "అంటే.. నన్ను మోసం చేశారా చెల్లెమ్మా?"

"మోసం చేద్దమనే ఉంటే తాగనిస్తుంటి గద అన్నా."

ఆయన చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. గ్లాసును గోడ మీద పెట్టాడు. చొక్కా మీద మరక చూసుకున్నాడు. తెల్లబట్ట మీద పల్చటి చాయ్ పడ్డట్టుగా ఉంది.

"ఆమె ఒక్కతే గాదు బావా" అన్నాడు లింగం. "నాకు సుత ఆ పొద్దే దెల్సు. ఫోన్ జేద్దమని తీసి, మల్ల జేబుల పెట్టిన. పొల్ల రాదేమోనని."

త్రినాథరావు కూతురి వైపు తిరిగాడు. "అమ్మాయ్, పాపని తీసుకో. కారెక్కు."

లక్ష్మీప్రసన్న కదల్లేదు. తడిచేతులు పైటకు తుడుచుకుని, భర్తతో, "ఇందాక డిక్కీ తియ్యబోయారు కదా, ఇప్పుడు తియ్యండి" అంది.

పసిదాన్ని మోస్తూనే వంశీ పోయి డిక్కీ తెరిచాడు. లోపల ఉయ్యాల గుడ్డల మూట పక్కన, దొర్లకుండా టర్కీ తువాళ్లు ఒత్తుగా కుక్కి, నీళ్ల క్యాన్లు ఉన్నాయి. నిండుగా, నీలం మూతలతో.

"దారిలో తాగడానికి అన్నావు కదమ్మా" అన్నాడు త్రినాథరావు.

"రామచంద్రాపురం నుంచి ఇక్కడికి రావడానికి అన్ని నీళ్లెందుకు నాన్నా?" ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. "ఏడాది ఈ నీళ్లతోనే తలంటుకున్నాను. జుట్టు ఎట్లా అయ్యిందో అమ్మకు తెలుసు. రిపోర్టు మీరు చదువుతుంటేనే నాకు అర్థమైంది, అత్తయ్య సీసాల్లో ఏం పోసిందో. నన్ను కూడా ఈవిడ బాయి నీళ్లు ఏనాడూ తాగనియ్యలేదు. పక్కన కూర్చుని క్యాన్ వంచి ఇచ్చేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పంపిస్తారా?"

వాకిట్లో అందరి కంటే తెల్లబోయింది వంశీయే. "అంటే నేనొక్కన్నే నమ్మిన్నా?" అన్నాడు. పక్కింటి ఆమె కొంగులోంచి నవ్వు తప్పించుకుంది. "ముఖం సుత కడుక్కున్నవు బిడ్డా, నేను గోడ మీదికెళ్లి చూసిన" అంది. వాడు పసిదాని గుడ్డల్లో ముఖం దాచుకున్నాడు.

లక్ష్మీప్రసన్న వాడి చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. తండ్రిని దాటుకుని వచ్చి అరుణమ్మ చేతుల్లో పెట్టింది.

"నీళ్లు కాచారా అత్తయ్యా? దీనికి నిద్ర టైమైతే ఊరంతా లేపుతుంది."

అరుణమ్మ తల ఊపింది. స్నానాల గదిలో దాచిన బిందెను లింగమే ఎత్తుకొచ్చి వాకిట్లో, అందరికీ కనపడేటట్టు, పెట్టాడు. ఆమె పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. చీరె మోకాళ్ల దాకా జరుపుకుని పసిదాన్ని ముంగాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. ముంజేతి లోపలి వైపు నీళ్లు పోసుకుని వేడి చూసుకుంది. లింగం చెంబుతో పోస్తుంటే, ఆమె ఆ చిన్న వీపు మీద అరచేత్తో రుద్దింది. ఏడుపు మొదలై, నీళ్ల గోరువెచ్చదనం తెలిసి, మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఆగడానికి అందరూ నవ్వారు.

"బాయి ఒప్పుకోకపాయె" అంది అరుణమ్మ, తలొంచుకునే.

"బాయి సంగతి బాయిది. దాని మీద పగ దేనికే" అన్నాడు లింగం. "అదేం జేసింది పాపం, దాన్ల పోసింది అది ఇస్తున్నది." చెంబు ఇంకోసారి ముంచి, ఎత్తు తగ్గించి, మెల్లగా పోశాడు.

త్రినాథరావు కారులో నుంచి తన నీళ్ల సీసా తెచ్చుకుని, మిగిలిన నీళ్లు చెట్టు మొదట్లో పోశాడు. కూతురు తోడిన మొదటి బొక్కెనలో నుంచి ఒక చెంబుడు తీసి సీసా లోపల తొలిచాడు, పారబోశాడు, మళ్లీ నిండా నింపాడు. మూత పెట్టబోతుంటే తడి సీసా చేతిలో జారుతోంది. లింగం వచ్చి సీసా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మూత బిగించారు.

"ఈసారి నేనే పట్టుకెళ్తాను బావగారూ. నా చేత్తో వాళ్ల బల్ల మీద పెట్టి వస్తాను. రిపోర్టు వచ్చాక మీరు ఏ ఆఫీసుకి వెళ్లినా, నన్నూ పిలవండి."

"పిలుస్త. వాళ్లు కూసోమనరు మరి. నిలబడాలె."

"ముప్పయ్యేళ్లు మిషను ముందు నిలబడ్డానండీ."

పసిదానికి సాంబ్రాణి పొగ వేసి ఉయ్యాలలో పడుకోబెట్టాక, అన్నాలు తిన్నాక, త్రినాథరావు బయల్దేరాడు. కూతుర్నీ మనవరాలినీ రమ్మని అడగలేదు. ఉయ్యాల దగ్గరికి పోయి వంగి చూసి, తాడు ముడి ఒకసారి గుంజి చూసుకుని వచ్చాడంతే. కారు తలుపు తీసి కూర్చున్నాడు. సీసాను పక్క సీటు మీద పెట్టబోయి, దొర్లుతుందేమోనని మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అరుణమ్మ గబగబా వచ్చింది. ఒక చేతిలో క్యాన్ నీళ్లు నింపిన ఇంకో సీసా. ఇంకో చేతిలో, గిరకకు కడదామని ఉంచి మరిచిపోయిన పసుపు దారం.

"అన్నా, తొవ్వల దూపైతది, ఇది పెట్టుకో."

ఇచ్చింది గానీ ఆమెకు నిమ్మళం కాలేదు. రెండు సీసాల వైపూ చూసింది. కారు కిటికీలోంచి లోపలికి వంగి, ఆయన ఒళ్లోని బాయి నీళ్ల సీసా మెడకు ఆ దారం మూడు చుట్లు చుట్టి ముడి వేసింది.

"దారం కట్టింది చూపెట్టేటిది. కట్టనిది తాగేటిది. పరాకుల ఒకటనుకొని ఒకటి తాగేవు. పైలం."